ఓవెన్‌లో గ్రాఫిక్స్ కార్డు: ఒక ఇంటి మరమ్మతు చరిత్ర

2008, 2009 సంవత్సరాల ప్రాంతంలో, ముందుగా అమెరికా, ఐరోపా దేశాల కంప్యూటర్ ఆటగాళ్ల మధ్య, ఒక విచిత్రమైన మరమ్మతు పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. తెర మీద రంగురంగుల చారలు, చదరపు మచ్చలు చూపిస్తూ చివరికి పూర్తిగా మూగబోయిన గ్రాఫిక్స్ కార్డును, అంటే కంప్యూటర్ తెర మీది దృశ్యాలను లెక్కగట్టి పంపే విడి పలకను, వంటింటి ఓవెన్‌లో పెట్టి కొన్ని నిమిషాలు కాల్చి చల్లారిస్తే అది మళ్లీ పనిచేస్తుందన్నది ఆ పద్ధతి సారాంశం. దాని క్రమం దాదాపు అందరి నోటా ఒకేలా వినిపించేది. కార్డు నుంచి ఫ్యానును, హీట్‌సింక్ అనే వేడిని లాగే లోహపు దిమ్మను, ప్లాస్టిక్ భాగాలను ఊడదీసి, చిప్పు మీది పాత థర్మల్ పేస్టును తుడిచివేసి, అల్యూమినియం రేకును నాలుగు ఉండలుగా చుట్టి వాటి మీద కార్డును చిప్పు పైకి ఉండేలా నిలబెట్టి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 385 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర 8 నుంచి 10 నిమిషాలు ఉంచి, ఆ తర్వాత తలుపు తెరిచి, కార్డును కదపకుండా గది వేడికి దిగేదాకా వదిలివేయాలి.

చాలామంది దీన్ని నమ్మలేదు, అయినా చేసి చూశారు. కొందరి కార్డులు మరింత పాడయ్యాయి గాని, చాలా కార్డులు నిజంగానే లేచి పనిచేశాయి. అందువల్ల ఈ పద్ధతిని మూఢనమ్మకాల జాబితాలో వేయడం తగదు. అయితే వేడి పనిచేసిన కారణం గురించి దాన్ని ఆచరించినవారు చెప్పుకున్న వివరణ మాత్రం చాలావరకు పొరపాటు. పగిలిన టంకం కరిగి మళ్లీ అతుక్కుంటోందని వారు భావించారు. ఎక్కువ సందర్భాల్లో అక్కడ కరిగి అతుక్కున్నది ఏమీ లేదు. ఈ గృహచికిత్స చరిత్రను అర్థం చేసుకోవాలంటే, పనిచేసిన మందుకూ దానికి చెప్పుకున్న కారణానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని కొలవాలి. ఆ దూరం టంకం చరిత్రలోంచే వచ్చింది.

ఎలక్ట్రానిక్ పరిశ్రమ తన తొలి రోజుల నుంచి వాడిన టంకం తగరం, సీసం కలిసిన మిశ్రమం. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు ఉన్న మిశ్రమానికి ఒక ప్రత్యేకత ఉంది. అది ముద్దలా మెత్తబడే మధ్యస్థితి లేకుండా, 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా గట్టి స్థితి నుంచి ద్రవస్థితికి మారుతుంది. తగరం విడిగా 232 డిగ్రీల దగ్గర, సీసం విడిగా 327 డిగ్రీల దగ్గర కరుగుతాయి, కలిసినప్పుడు మాత్రం రెండింటికంటే తక్కువ వేడికే లొంగుతాయి. కంసాలి అతుకు వేసేటప్పుడు వెలిగారం చల్లి లోహపు ముఖాన్ని శుభ్రపరచినట్టుగానే, ఈ పరిశ్రమలో ఫ్లక్స్ అనే జిగురు పదార్థం లోహం మీది ఆక్సైడ్ పొరను తొలగించి టంకం పట్టేలా చేస్తుంది. ఫ్లక్స్ లేకుండా వేడి ఒక్కటే అతుకును పుట్టించదన్న సంగతి ఈ వ్యాసంలో ముందుముందు అవసరమవుతుంది.

సీసం నాడీమండలానికి, ముఖ్యంగా పిల్లల మెదడు ఎదుగుదలకు, హాని చేసే విషం. పారవేసిన పరికరాలలోని సీసం నేలలోకీ నీటిలోకీ చేరుతుందన్న ఆందోళన పెరగడంతో జపాన్ కంపెనీలు ముందుగా కదిలాయి. మత్సుషితా సంస్థ 1998లోనే సీసం లేని టంకంతో మినీడిస్క్ ప్లేయరును విడుదల చేసింది. ఐరోపా సమాఖ్య 2003లో ఆమోదించిన రోహెచ్ఎస్ అనే ప్రమాదకర పదార్థాల నియంత్రణ ఆదేశం 2006 జూలై 1 నుంచి అమలులోకి వచ్చి, ఎలక్ట్రానిక్ వస్తువులలోని ఏ ఏకరీతి పదార్థంలోనూ సీసం బరువులో 0.1 శాతానికి మించరాదని శాసించింది. ప్రపంచమంతటికీ ఒకే రకం సరుకు తయారుచేసే కంపెనీలు ఐరోపా కోసం వేరే వరుస నడపలేవు కనుక, ఆ ఆదేశం ఆచరణలో ప్రపంచ శాసనమయింది. భారతదేశంలో 2012 మే 1 నుంచి అమలైన ఈ-వ్యర్థాల నిబంధనలు కూడా సీసానికి ఇదే పరిమితిని స్వీకరించాయి.

పాత టంకం స్థానంలోకి వచ్చిన మిశ్రమాలలో ఎక్కువగా స్థిరపడింది తగరం 96.5 శాతం, వెండి 3 శాతం, రాగి 0.5 శాతం ఉన్నది. అది 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. కర్మాగారంలో స్టెన్సిల్ ద్వారా బోర్డు మీద టంకపు పేస్టును అచ్చువేసి, విడిభాగాలను దాని మీద అమర్చి, అనేక మండలాలున్న పొడవైన కొలిమి గుండా బెల్టు మీద పంపుతారు. వేడి క్రమంగా పెరిగి, శిఖర దశలో 235 నుంచి 250 డిగ్రీల దాకా కొద్ది సెకన్లు నిలిచి, మళ్లీ నియమిత వేగంతో దిగుతుంది. టంకం మొత్తాన్ని ఒకేసారి కరిగించి అతికించే ఈ ప్రక్రియకు రీఫ్లో అని పేరు. ఇంటి ఓవెన్‌లో కార్డును కాల్చినవారు తాము ఈ రీఫ్లోనే చిన్న ఎత్తున చేస్తున్నామని అనుకున్నారు, ఆ పేరుతోనే తమ పనిని పిలుచుకున్నారు.

కొత్త టంకం రంగంలోకి దిగిన కాలంలోనే పరికరాలు పెద్ద సంఖ్యలో పాడవడం మొదలైంది. 2005 నవంబరులో విడుదలైన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 ఆటల యంత్రంలో వెలిగించే మీట చుట్టూ మూడు ఎర్రదీపాలు వెలిగి యంత్రం ఆగిపోవడం ఎంత విస్తరించిందంటే, 2007 జూలైలో కంపెనీ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయిస్తున్నట్టు ప్రకటించవలసి వచ్చింది. హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థ 2007 చివరలో తన పెవిలియన్ డీవీ2000, డీవీ6000, డీవీ9000 వరుసలలోని కొన్ని ల్యాప్‌టాప్‌లకు అదనపు వారంటీ ఇచ్చింది. 2008 జూలై 2న ఎన్‌విడియా సంస్థ, ల్యాప్‌టాప్‌లలో వాడిన తన పాత తరం చిప్పులలో కొన్నింటి సిలికాన్, ప్యాకేజీ పదార్థాల కలయిక బలహీనంగా ఉన్నందున అవి అసాధారణ సంఖ్యలో విఫలమవుతున్నాయని, మరమ్మతులకూ మార్పిడులకూ 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నామని మదుపరులకు తెలియజేసింది. అదే ఏడాది అక్టోబరులో ఆపిల్ సంస్థ, జీఫోర్స్ 8600ఎం జీటీ చిప్పు ఉన్న కొన్ని మ్యాక్‌బుక్ ప్రోలు ఇందులో చిక్కుకున్నాయని ఒప్పుకొని ఉచిత మరమ్మతుకు ముందుకు వచ్చింది. అమెరికాలో కొనుగోలుదారులు ఎన్‌విడియా మీద వేసిన సామూహిక దావా 2010లో రాజీతో ముగిసింది.

వారంటీ ఉన్నవారికి ఈ దారులు దొరికాయి. లేనివారికి ఓవెన్ మిగిలింది. 2006 నవంబరులో 599 డాలర్ల ధరతో వచ్చిన ఎన్‌విడియా 8800 జీటీఎక్స్ వంటి డెస్క్‌టాప్ కార్డు రెండు మూడేళ్లకు, వారంటీ గడువు దాటాక, మూగబోతే దాని యజమానికి పోగొట్టుకునేది ఏమీ ఉండదు. పారవేయబోయే వస్తువు మీద ప్రయోగం చేయడానికి జంకు ఉండదు. ఈ పద్ధతి అంత వేగంగా వ్యాపించడానికి సాంకేతిక కారణంకంటే ఈ ఆర్థిక కారణమే బలమైనది.

ఓవెన్ ఒంటరిగా రాలేదు. దానికి ముందే ఎక్స్‌బాక్స్ యజమానులు యంత్రాన్ని తువ్వాళ్లలో చుట్టి, గాలి ఆడకుండా చేసి, దాని వేడికి అదే ఉడికేలా కొంతసేపు నడిపించి, ఆ తర్వాత ఆపి మళ్లీ వెలిగించే ఉపాయాన్ని పాటించారు. రంగు పొరలను ఊడదీయడానికి వాడే హీట్‌గన్‌తో చిప్పు మీద వేడిగాలి కొట్టినవారున్నారు. హ్యూలెట్-ప్యాకర్డ్ లేజర్‌జెట్ పీ2015 ప్రింటరులో, కంప్యూటర్ నుంచి వచ్చిన సమాచారాన్ని పేజీగా మార్చే ఫార్మాటర్ బోర్డు పాడయితే దాన్ని కూడా ఓవెన్‌లో కాల్చి బాగుచేసుకున్న కార్యాలయాలున్నాయి. ఈ పరికరాల తయారీదారులు వేరు, చిప్పులు వేరు. అన్నిటికీ ఒకే మందు పనిచేస్తున్నట్టు కనబడడంతో, అన్నిటికీ ఒకే రోగం ఉండాలన్న నిర్ణయానికి రావడం సహజమే. ఆ రోగం సీసం లేని టంకమని, చిప్పు కింద ఉన్న టంకపు గుండ్లు వేడికీ చలికీ పగులుతున్నాయని, ఓవెన్ వాటిని కరిగించి అతికిస్తున్నదని ఒక సిద్ధాంతం నిలబడింది.

ఈ సిద్ధాంతంలోని వైరుధ్యం దాని అంకెలలోనే ఉంది. 196 డిగ్రీలు పాత తగరం-సీసం టంకం కరిగే వేడికంటే 13 డిగ్రీలు ఎక్కువ, నిందను మోస్తున్న కొత్త టంకం కరిగే వేడికంటే 21 డిగ్రీలు తక్కువ. సీసం లేని టంకాన్ని దోషిగా నిలబెట్టినవారు ఆ టంకాన్ని తాకలేని వేడిలో తమ కార్డులను కాల్చారు. ఇంటి ఓవెన్ తన అంకెకు కట్టుబడదని, దాని వేడి పది ఇరవై డిగ్రీలు పైకీ కిందికీ ఊగుతుందని చెప్పి ఈ తేడాను కొంత సర్దుకోవచ్చు. కాని కార్డు మందమైన రాగి పొరలున్న పలక కనుక, ఓవెన్ గాలి ఎంత వేడెక్కినా చిప్పు అడుగు భాగం ఆ పది నిమిషాలలో ఇంకా వెనకబడే ఉంటుంది. పైగా ఫ్లక్స్ లేదు. పగిలిన ముఖాల మీద ఆక్సైడ్ పేరుకున్నాక, కరిగినా అవి కలుసుకోవడం కష్టం.

అసలు పగులు ఎక్కడుందో తెలుసుకోవాలంటే చిప్పు లోపలి కట్టడాన్ని చూడాలి. ఐబీఎం సంస్థ 1960లలో తన పెద్ద కంప్యూటర్ల కోసం, సిలికాన్ ముక్కను బోర్లించి, దాని ముఖం మీది సూక్ష్మమైన టంకపు బొడిపెల ద్వారా అడుగు ఫలకానికి నేరుగా అతికించే ఏర్పాటును అభివృద్ధి చేసింది. దీనికి ఫ్లిప్ చిప్ అని, ఆ బొడిపెలకు బంప్‌లని పేరు. ఆనాటి అడుగు ఫలకం పింగాణీ వంటి పదార్థం, బంప్‌లు తొంభై శాతానికి పైగా సీసం ఉన్నవి. ఖర్చు తగ్గించడానికి పరిశ్రమ తర్వాత పింగాణీ స్థానంలో గాజునారతో బలపరచిన రెజిన్ ఫలకాన్ని తెచ్చింది. ఇలా ఒక గ్రాఫిక్స్ చిప్పులో రెండు అంచెల అతుకులున్నాయి. సిలికాన్ ముక్కకూ దాని ఫలకానికీ మధ్య కంటికి ఆనని బంప్‌లు మొదటి అంచె, ఆ ఫలకానికీ కార్డుకూ మధ్య ఆవగింజంత గుండ్లు రెండవ అంచె. ప్రజల సిద్ధాంతం మాట్లాడింది రెండవ అంచె గురించి. ఎన్‌విడియా మదుపరులకు చెప్పిన మాటలో సూచన మొదటి అంచెవైపు ఉంది.

సిలికాన్ ఒక డిగ్రీ వేడికి పది లక్షల్లో 3 వంతులు వ్యాకోచిస్తే, రెజిన్ ఫలకం 15 వంతులకు పైగా వ్యాకోచిస్తుంది. 8800 జీటీఎక్స్‌లోని సిలికాన్ ముక్క వైశాల్యం 484 చదరపు మిల్లీమీటర్లు, అంటే దాని భుజం దాదాపు 22 మిల్లీమీటర్లు. ఆట మొదలై వేడి 60 డిగ్రీలు పెరిగితే, అడ్డేమీ లేనప్పుడు, మూలల దగ్గర సిలికాన్‌కూ ఫలకానికీ మధ్య జరుగుడు తేడా పది మైక్రాన్లు దాటుతుంది, బంప్ ఎత్తేమో వంద మైక్రాన్ల లోపు. ఆట ముగిశాక అదే దూరం వెనక్కి రావాలి. ఇలా పదే పదే వంగిన లోహం అలసి పగిలే తీరును 1950లలో అమెరికన్ ఇంజనీర్లు కాఫిన్, మాన్సన్ విడివిడిగా సూత్రీకరించారు. వంపు ఎంత పెద్దదైతే లోహం తట్టుకునే ఆవృత్తుల సంఖ్య అంత వేగంగా పడిపోతుందన్నది ఆ సూత్రం. ఈ ఒత్తిడిని బంప్‌లు ఒక్కటే మోయకుండా, సిలికాన్ కింది ఖాళీని అండర్‌ఫిల్ అనే ఎపాక్సీ జిగురుతో నింపుతారు. ప్రతి ఎపాక్సీకీ అది గట్టితనం వదిలి మెత్తబడే ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత చిప్పు రోజూ చేరే వేడికంటే తక్కువైతే, అండర్‌ఫిల్ అవసరమైన సమయంలోనే బంప్‌లను వదిలేస్తుంది. పాత్రికేయుడు చార్లీ డెమర్జియన్ 2008లో ‘ది ఇన్‌క్వైరర్’లో రాసిన వరుస కథనాలలో ఎన్‌విడియా చిప్పుల లోపాన్ని ఇలాగే, బంప్ పదార్థం, అండర్‌ఫిల్ ఎంపికల కలయికగా వివరించాడు.

ఈ సందర్భంలో ఐరోపా ఆదేశంలోని ఒక వివరానికి చాలా విలువ ఉంది. ఫ్లిప్ చిప్ లోపలి బంప్‌లకూ, 85 శాతానికి మించి సీసం ఉన్న అధిక ఉష్ణోగ్రత టంకాలకూ అది మినహాయింపు ఇచ్చింది. అంటే సీసం నిషేధం వల్లే పాడయ్యాయని లోకం నమ్మిన చిప్పులలో, అసలు పగులు పట్టిన చోట సీసం నిండుగా ఉంది. ఆ అధిక సీసపు మిశ్రమం కరగాలంటే 300 డిగ్రీలు దాటాలి. అంత వేడిలో కార్డు పలకే కమిలిపోతుంది.

మరి ఓవెన్ చేసిందేమిటి? 200 డిగ్రీల దగ్గర అండర్‌ఫిల్ పూర్తిగా మెత్తబడుతుంది, ఫలకం సాగి తన ఒంపును మార్చుకుంటుంది, చల్లారేటప్పుడు సిలికాన్, ఫలకం, జిగురు కొత్త స్థానంలో బిగుసుకుంటాయి. ఆ క్రమంలో పగులు రెండు ముఖాలు ఒకదానికొకటి ఒత్తుకుంటే విద్యుత్తుకు మళ్లీ దారి దొరుకుతుంది. అది స్పర్శ మాత్రమే, అతుకు కాదు. అందుకే కాల్చిన కార్డులు కొన్ని రోజులో, వారాలో, అదృష్టం బాగుంటే కొన్ని నెలలో పనిచేసి మళ్లీ పడిపోయేవి. రెండవసారి కాల్చితే మరింత తక్కువ కాలం బతికేవి. పైన చెప్పిన కాఫిన్-మాన్సన్ సూత్రానికి ఇది సరిపోతుంది. నిజంగా రెండవ అంచెలో పగులు ఉండి, ఓవెన్ వేడి ఎలాగో శ్రుతిమించి దాన్ని కరిగించిన సందర్భాలు లేవని చెప్పలేము. అవి మినహాయింపులు.

ఈ విచారణకు తర్వాతి కాలంలో బలం చేకూరింది. 2021 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఎక్స్‌బాక్స్ చరిత్ర చిత్రం ‘పవర్ ఆన్’లో, యంత్రాన్ని పదే పదే వెలిగించి ఆర్పడం వల్ల వచ్చే వేడి మార్పులకు విడిభాగాల లోపలి అతుకులే విరిగాయని ఆ సంస్థ ఇంజనీర్లు చెప్పారు. సోనీ ప్లేస్టేషన్ 3 కథ ఇంకా బోధపరుస్తుంది. పసుపు దీపం వెలిగి ఆగిపోయిన ఆ యంత్రాలను ఎందరో హీట్‌గన్‌తో బతికించి, టంకం కరిగిందని భావించారు. చాలా ఏళ్ల తర్వాత మరమ్మతుదారులు ఆ యంత్రాలలో కొన్నిటి లోపాన్ని చిప్పు పక్కన ఉన్న నెక్-టోకిన్ కెపాసిటర్లలో, అంటే విద్యుత్తును నిలవచేసి ఒడిదుడుకులు సర్దే భాగాలలో, కనుగొన్నారు. వయసు మీరిన ఆ భాగాలు వేడెక్కినప్పుడు కొంతసేపు మెరుగ్గా పనిచేసేవి. టంకంతో సంబంధమే లేని రోగం కూడా వేడికి తాత్కాలికంగా తగ్గి, తప్పు సిద్ధాంతానికి సాక్ష్యం చెప్పింది.

పరిశ్రమకు బేకింగ్ అన్న మాట కొత్తది కాదు, అయితే అక్కడ దాని అర్థం వేరు. చిప్పుల ప్లాస్టిక్ పొర గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాన్ని ఆరబెట్టకుండా రీఫ్లో వేడికి గురిచేస్తే లోపలి తేమ ఆవిరై పొరలను చీల్చుతుంది. అందుకని నిపుణులు చిప్పును 125 డిగ్రీల దగ్గర గంటల తరబడి, అవసరమైతే ఒక రోజంతా, ఆరబెట్టి గాని టంకం జోలికి పోరు. ఇంట్లో ఏళ్ల తరబడి గాలిలో ఉన్న కార్డును నేరుగా 196 డిగ్రీలలోకి తోసినవారికి ఈ జాగ్రత్త తెలియదు. 105 డిగ్రీలకు మించి తట్టుకోని ద్రవపు కెపాసిటర్లు ఉబ్బేవి, ఓవెన్ వేడి శ్రుతిమించితే వెనకవైపు భాగాలు జారేవి, రెజిన్, ఫ్లక్స్ శేషాల పొగలు మరునాడు రొట్టె కాల్చవలసిన ఓవెన్ గోడలకు అంటుకునేవి. పాత కార్డులయితే సీసం కూడా ఉండేది. పిల్లలున్న ఇంటి వంట ఓవెన్‌లో ఈ పని చేయడాన్ని ఏ విధంగానూ సమర్థించలేము, దీన్ని సరదా ప్రయోగంగా చెప్పుకున్న తీరే ఈ చరిత్రలో అత్యంత విచారకరమైన భాగం.

తెలుగునాట ఆ రోజుల్లో ఓటీజీ అనే ఇంటి ఓవెన్ ఉన్న ఇళ్లు తక్కువ కావడం వల్ల పద్ధతి మరో రూపం తీసుకుంది. హ్యూలెట్-ప్యాకర్డ్ పెవిలియన్‌ల వంటి ల్యాప్‌టాప్‌ల మదర్‌బోర్డులు మరమ్మతు దుకాణాల బల్లల మీదికి చేరాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, జనవ్యవహారంలో సీటీసీ, కంప్యూటర్ విడిభాగాలకూ మరమ్మతులకూ పేరుపొందిన అంగడి. బోర్డును మార్చకుండా అందులోని విడి భాగం దాకా వెళ్లి బాగుచేసే పనిని అక్కడా, దేశంలోని ఇతర కంప్యూటర్ బజార్లలోనూ, చిప్ లెవెల్ సర్వీస్ అంటారు. ఈ వృత్తిలోనూ మొదట హాట్ ఎయిర్ బ్లోయర్‌తో చిప్పును వేడిచేసి ఇవ్వడం ఉంది, అందులో ఖాతాదారుకు మిగిలేది ఓవెన్ ఇచ్చిన స్వల్పకాలపు ఊరటే. తర్వాతి మెట్టు రీబాలింగ్. కింద నుంచి, పై నుంచి వేడి ఇచ్చే రీవర్క్ యంత్రం మీద చిప్పును ఊడదీసి, పాత టంకాన్ని గోకి, స్టెన్సిల్‌తో కొత్త గుండ్లు అమర్చి, ఫ్లక్స్ రాసి తిరిగి అతికించే ఈ పనికి ఓర్పూ చేతివాటమూ కావాలి. కాని ఇది కూడా బాగుచేసేది రెండవ అంచెనే. పాత చిప్పునే తిరిగి అతికిస్తే, బంప్‌ల లోపలి పగులు అలాగే ఉండి, చిప్పు పొందిన వేడికి కొంతకాలం మూసుకొని, మళ్లీ తెరుచుకుంటుంది. అప్పట్లో న్యూయార్క్‌లో పనిచేసిన మరమ్మతుదారు లూయిస్ రాస్‌మన్ కాల్చడాన్నీ, పాత చిప్పుకు రీబాలింగ్‌నూ బాగుచేతగా అమ్మడాన్ని తన వీడియోలలో తీవ్రంగా విమర్శించింది ఈ కారణంతోనే.

వృత్తి చివరికి చేరుకున్న మార్గం చిప్పును మార్చడం. లోపం బయటపడ్డాక తయారీదారులు పదార్థాలను సవరించి అదే చిప్పును మళ్లీ తయారుచేశారు కనుక, మరమ్మతుదారు కొత్త చిప్పు కొనేటప్పుడు దాని నెత్తిమీద ముద్రించిన నాలుగంకెల తేదీ సంకేతాన్ని చూస్తాడు. అందులో మొదటి రెండంకెలు సంవత్సరాన్ని, తర్వాతి రెండు వారాన్ని తెలుపుతాయి. 0925 అని ఉంటే 2009లో 25వ వారం. పాత చిప్పులను తుడిచి, కొత్త గుండ్లు వేసి, కొత్తవని అమ్మే వ్యాపారం కూడా ఉన్నందున, ఆ ముద్రను నమ్మే ముందు దాన్ని భూతద్దం కింద పెట్టి అక్షరాల అంచులు, మూలల గీతలు పరిశీలించడం ఈ వృత్తిలో పనికి ముందు జరిగే పనిగా స్థిరపడింది.